నల్ల పోగులు

ముందే చెబుతున్నాను, నాకు నోరెక్కువ. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆదోనిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పాను. ఒకే గదిలో మూడు తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టుకుని అరిచి అరిచి గొంతు పెద్దదైపోయింది. నిరుడు నేను రిటైరయ్యాను గానీ నా గొంతు కాలేదు. ఇంటి ముందు కూరగాయల బండి ఆగితే చాలు, బండివాడికీ బేరమాడే ఆడవాళ్ళకీ కలిపి ఏదో ఒకటి బోధిస్తాను. అన్నిటికంటే ఎక్కువగా బోధించింది షుగర్ గురించి.

నాకు షుగరొచ్చి పదమూడేళ్ళయింది. వచ్చేనాటికి నాకు యాభై ఏళ్ళు, ఎనభై రెండు కిలోలు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, మధ్యాహ్నం అన్నం బదులు జొన్నరొట్టె, సాయంత్రం నడక. ఇంతే నా వైద్యం. ఇన్నేళ్ళలో కాలికి పుండు పడలేదు, కన్ను మసకబారలేదు, ఒక్కరోజు ఆసుపత్రిలో పడుకోలేదు. దాంతో షుగర్ గురించి నాకు తెలిసినంత డాక్టర్లకు కూడా తెలియదని పొగరెక్కింది. "షుగరొచ్చిందని ఏడుస్తారేమప్పా? నన్ను సూడండి, గుండ్రాయి మాదిరి లేనా?" అనేదాన్ని. నిజమే, గుండ్రాయిలాగే ఉన్నాను.

నా తమ్ముడిది ఎమ్మిగనూరు. మా నాన్న మగ్గం వాడికొచ్చింది. మేమిద్దరమే, వాడు నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మ కండెలు చుట్టుకుంటూ కూర్చుంటే వాణ్ణి చంకనేసుకుని వీధంతా తిప్పింది నేనే. నన్ను చదివించేసరికే నాన్న రెక్కలు అరిగిపోయాయి. వాడు ఏడో తరగతిలో ఉండగా నాన్న నడుము పడిపోయింది. మగ్గం గుంటలోకి దిగిన పిల్లవాడు మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఆ ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి నా మాటే వేదం. రేషన్ కార్డులో తప్పు దిద్దించాలన్నా, కూతుర్ని ఏ కాలేజీలో చేర్చాలన్నా ముందు నాకు ఫోను. "మా యక్క సెప్పింది" అంటే వాడి ఇంట్లో ఇక మాట్లాడేవాళ్ళు లేరు.

నాలుగేళ్ళ కిందట వాడు ఒక కాగితం పట్టుకుని ఆదోని వచ్చాడు. మగ్గం దిగి మాటిమాటికీ పెరట్లోకి పోతున్నాడని మరదలు పోరు పెడితే రక్తం చూపించుకున్నాడట. షుగర్ మూడు వందలు దాటింది. అప్పటికి వాడికి నలభై ఐదు. ఒళ్ళు యాభై కిలోలు కూడా ఉండదు, చిన్నప్పటినుంచీ పీలమనిషే.

"భయమైతాందక్కా" అన్నాడు.

నేనేం చేశానో రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. నా మందుల చీటీ తీసుకుని బస్టాండు దగ్గరికి పోయి జిరాక్స్ తీయించి వాడి చొక్కా జేబులో పెట్టాను. "ఇవే మాత్రలు, ఇదే తిండి. నాకు లేని భయం నీకేందిరా?" అన్నాను. పరీక్ష చేసిన డాక్టరు కళ్ళు కూడా చూపించుకోమన్నాడని నసిగాడు. "నీ కండ్లకేమైంది? తెగిన పోగు చీకట్లో గూడా అతుకుతావు గదా! డాక్టర్లు అట్లనే ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి తిప్పుతారు. సుమ్మనుండు" అన్నాను. వాడు సుమ్మనున్నాడు. నాలుగేళ్ళు ఊరుకున్నాడు.

ఏడాది తర్వాత అదే డాక్టరు మాత్రలు చాలవు, ఇన్సులిన్ సూది వేసుకోవాలన్నాడట. దానికీ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మా పెదనాన్నకు ఆసుపత్రిలో చివరి వారం ఇన్సులిన్ ఇచ్చారు, ఆ వారమే ఆయన పోయాడు. అప్పటికే ఆయన కిడ్నీలు రెండూ పాడైపోయాయన్న సంగతి వదిలేసి నేను తప్పంతా సూది మీద పెట్టాను. "సూది పట్టినారంటే ఇంక ఆఖరి స్టాపేరా. పెదనాయన సంగతి మర్సిపోయినావా? తిండి ఇంకొంచెం తగ్గించు" అన్నాను. తగ్గించాడు. నలభై నాలుగు కిలోలకొచ్చాడు. వాడి మెడ ఎముకలు బయటికి కనిపిస్తుంటే, వదినా ఇదేంది ఇట్ల ఎండిపోతాండాడు అని మరదలు అడిగితే, షుగరున్నోళ్ళు సన్నబడితే మంచిదేనని ఆమెకూ పాఠం చెప్పాను. ఒట్టి మూర్ఖురాలిని.

కిందటి ఎండాకాలంలో నల్లపోగుల గొడవ మొదలైంది.

వాడు గంధం రంగు చీరొకటి నేస్తున్నాడు. పడుగులో నల్లపోగులు వస్తున్నాయని అన్నాడు. ఒకటి రెండు కాదు, వేలితో తీసేస్తే పక్కన మళ్ళీ కనిపిస్తున్నాయట. మగ్గం పైన వాసాలకు బూజు పట్టిందేమోనని మరదలు చీపురు కట్టెకు కట్టి దులిపింది. ఆమె తలవెంట్రుకలు పడుతున్నాయని ఆమెను మగ్గం గదిలోకి రావద్దన్నాడు. పాపం, కండెలు చుట్టే రాట్నం తీసుకెళ్ళి వంటింట్లో పెట్టుకుంది. అయినా నల్లపోగులు తగ్గలేదు. చివరికి నూలే మంచిది కాదని తేల్చాడు.

నూలిచ్చే షావుకారు దగ్గరికి పోయి, కల్తీ నూలు అంటగట్టినావని నలుగురిలో అన్నాడు. జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి! వాడు నేసిన గుడ్డను షావుకారు ఎండలో పరిచి చూస్తే ఒక్క నల్లపోగు లేదు. పైగా రెండు చోట్ల పోగులు తప్పాయి, అంచులో ఒకచోట పేక వదులైంది. ఆ షావుకారుకు నేస్తున్న ఇరవై ఏళ్ళలో వాడి గుడ్డకు వంక పెట్టినవాళ్ళు లేరు. "నీ నూలు సరిగ్గా ఉంటే నా పని సరిగ్గా ఉంటాది" అని అరిచి వచ్చేశాడట.

ఇది విని నేను ఊరుకున్నానా? షావుకారుకు ఫోన్ చేసి దులిపేశాను. "చదువు రానోడని మోసం చేస్తాండావా? నేను ఉండాను, మర్సిపోవద్దు" అన్నాను. ఆ పెద్దమనిషి నేను చెప్పిందంతా విని, "అమ్మా, మీరు కోపం చేసుకోవద్దండి. ఆయప్పను ఒకతూరి కండ్ల డాక్టరుకు చూపించండి" అన్నాడు. నా తమ్ముణ్ణి గుడ్డివాడంటావా అని ఇంకో నాలుగు తిట్టి పెట్టేశాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి పోయాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. మరదలు తమ్ముడికి కొర్రన్నంలో మజ్జిగ పోసింది. వాడు కలపడం మానేసి కంచంలోంచి దేన్నో తీసి పక్కన పడేశాడు. మళ్ళీ తీశాడు. వాడి వేళ్ళ మధ్య ఏమీ లేదు.

"ఏం తీస్తాండావురా?"

"నల్లపోగక్కా. మజ్జిగలో పడింది. యాడ సూసినా ఇదే."

కంచం నా వైపు లాక్కుని చూశాను, తెల్లటి మజ్జిగ.

"ఆ గోడ సూడు" అన్నాను. కొత్తగా సున్నం కొట్టిన గోడ అది.

"గోడ మీద గూడా ఉండాది."

చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. "పైకి సూడు." మబ్బు తునక కూడా లేని ఆకాశం.

వాడు తలెత్తి చాలాసేపు చూశాడు. "ఆడ గూడా ఉండాదక్కా" అన్నాడు. అప్పటికి వాడికే అర్థమైంది. మరదలు ఎంగిలి చేత్తోనే నోరు మూసుకుంది.

మరునాడు కర్నూలు పోయాం. కంటి డాక్టరు చుక్కలు వేసి, దీపం పెట్టి, చాలాసేపు చూశాడు. కంటి లోపలి పొర మీద కొత్తగా పుట్టిన పలుచటి రక్తనాళాలు చిట్లి రక్తం కారుతోందనీ, ఆ రక్తపు చారలే వాడికి నల్లగా వేలాడుతున్నట్టు కనిపిస్తున్నాయనీ చెప్పాడు. కుడికన్నులో బాగా ముదిరింది. ఎడమకన్నులో మొదలైంది. లేజర్ చేస్తాం గానీ షుగర్ అదుపులోకి రాకపోతే ఎడమకన్ను కూడా నిలవదన్నాడు.

"షుగరొచ్చి నాలుగేళ్ళంటున్నారు. ఒక్కసారి కూడా కన్ను చూపించలేదా?" అని గద్దించాడు.

తమ్ముడు నా వైపు చూడను కూడా చూడలేదు. "తీరిక కాలేదు సార్" అన్నాడు.

మా యక్క వద్దనిందని ఒక్కమాట అనుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారు. నేను పడితే పోయేది, వాణ్ణి తోశాను.

వారం తిరక్కుండానే కుడికన్నులో ఒకేసారి రక్తం నిండిపోయింది. తర్వాత ఆపరేషన్ చేశారు గానీ పెద్దగా లాభం లేకపోయింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. ఇక మాకు మిగిలింది లేజర్ చేసిన ఎడమకన్ను.

ఆదోనిలో షుగర్‌కు మాత్రమే చూసే డాక్టరమ్మ ఒకామె ఉంది, చిన్న వయసు. కర్నూలు డాక్టరు రాసిచ్చిన కాగితంతో ఆమె దగ్గరికి పోయాం. ఆమె జిరాక్స్ చీటీని తిప్పి తిప్పి చూసి, "ఇది ఎవరిది?" అంది. నాదన్నాను. ఆమె నన్ను చూసింది, వాణ్ణి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. రక్త పరీక్షలు రాసింది. అందులో ఒకటి మూడు నెలల షుగర్ సగటు చెప్పేది, ఒకటి ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది, ఇంకొకటి ఒళ్ళు తన ఇన్సులిన్ గ్రంథి మీద తానే దాడి చేస్తోందేమో చూసేది. నన్నూ పరీక్షలు చేయించుకోమంది. నాకెందుకు, నేను బాగున్నా కదా అన్నాను. "బాగున్నారో లేదో చూద్దాం" అంది.

రెండు రోజుల తర్వాత మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చెప్పింది.

"పెద్దవయసులో వచ్చే షుగర్‌కు అందరికీ ఒకే పేరు పెట్టేశాం గానీ లోపల జరిగేది ఒకటి కాదమ్మా. షుగరొచ్చిన వయసు, బరువు, సగటు, ఒంట్లో ఉన్న ఇన్సులిన్, ఇవన్నీ కలిపి చూస్తే నాలుగైదు రకాలుగా విడిపోతుంది. మీ ఒంట్లో ఇన్సులిన్ కావలసినంత ఉంది, ఇంకా ఎక్కువే ఉంది. ఒళ్ళే దాని మాట వినడం లేదు. మీ తమ్ముడి ఒంట్లో తయారయ్యేదే కొంచెం. తినే కొంచెం అన్నం కూడా ఒంటికి పట్టక ఆయన కరిగిపోయాడు. ఒంటి దాడి వల్ల వచ్చింది కాదు, అది తేలింది. తిండి తగ్గిస్తే, మాత్రలు మింగితే మీకు పనిచేసింది. ఆయనకు కావలసింది ఇన్సులిన్."

"మరి నాకు పదమూడేళ్ళయినా కన్ను పోలేదే?" అన్నాను. అడుగుతుంటేనే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"మీ రకంలో ముందుగా కనిపెట్టుకోవలసింది కిడ్నీని. ఆయన రకంలో కన్ను, కాళ్ళ నరాలు తొందరగా దెబ్బతింటాయి. గీత గీసినట్టు ఇంతేనని చెప్పలేం, ఇంకా తెలుసుకుంటూనే ఉన్నాం. షుగరున్న ప్రతి ఒక్కరూ అన్నీ చూపించుకోవాల్సిందే. కానీ ఆయన కన్ను మొదటిరోజే చూడవలసింది." మా కాగితాలు రెండూ విడదీసి పెడుతూ మళ్ళీ అంది. "మీరు ఆయనకు కొలత కాదమ్మా."

నా మూత్రంలో ప్రోటీన్ పోతోందని కూడా అదే రోజు తెలిసింది. ఎన్నాళ్ళ నుంచి పోతోందో తెలియదు, పదమూడేళ్ళలో నేను ఆ పరీక్షే చేయించుకోలేదు. మందు మార్చింది. నిజం చెప్పాలంటే ఆ కాగితం చూసినప్పుడు నాకు భయం కంటే కొంచెం ఊరటే కలిగింది, నాకూ శిక్ష పడిందన్నట్టు. అది కూడా పొగరే.

తమ్ముడికి రోజుకు రెండు పూటలా సూది రాసింది. షుగర్‌ను ఉన్నట్టుండి దింపేస్తే కంటికి ఇంకా చెరుపు, మెల్లగా దింపుదాం, కంటి డాక్టరుకు కూడా చూపిస్తూ ఉండండి అంది. వాడు తలూపాడు. బయటికొచ్చాక నేనన్నాను, "సూది వేసుకోరా. డాక్టరమ్మ సెప్పింది గదా, నేను గూడా సెప్తాండా."

వాడు నా మొహంలోకి తేరిపార చూశాడు. "అట్లనేలే అక్కా" అన్నాడు. గొడవ పడకుండా ఒప్పుకున్నాడని సంతోషించాను. ఇంత చదివి నాకు ఆ చూపు అర్థం కాలేదు.

నాలుగో రోజు పొద్దున మరదలు ఫోను. ఏడుస్తోంది. "వదినా, మీ తమ్ముడు ఓళిగలు సేయమంటాండాడు. నాలుగేండ్ల నుంచి తీపి ముట్టని మనిషి. సూది బుడ్డి తీసిందే లేదు. పడుగు సగంలో ఉండంగనే మగ్గం అమ్మేస్తా, ఎవరన్నా ఉంటే సూడమని పక్కింటోళ్ళకు సెప్పినాడు. పాప పెండ్లి సంగతి మా యక్క సూసుకుంటాదిలే అంటాండాడు. నాకు కాల్చేతులు ఆడటంలే."

బస్సెక్కాను. ఎమ్మిగనూరు గంట ప్రయాణం. ఆ గంటలో నాకు అర్థమైంది. సూది అంటే ఆఖరి స్టాపని చెప్పింది నేనే. ఆ నేనే ఇప్పుడు సూది వేసుకోమన్నాను. అంటే వాడి లెక్కలో, మా యక్క నిజం దాస్తోంది, నాకు రోజులు దగ్గరపడ్డాయి.

నేను పోయేసరికి మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. పక్కన కంచంలో ఓళిగలు, ఒకటి సగం తిన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"రా అక్కా, తిను. నీకు గూడా ఇష్టం గదా."

కంచం తీసి మరదలికి ఇచ్చేశాను. ఎప్పటిలా అరవాలని నోరు తెరిచాను, అరుపు రాలేదు.

"ఎన్ని దినాలుండాయో సెప్పక్కా" అన్నాడు. "నాకేం భయంలే. పాప సంగతి ఒకటి నువ్వు సూసుకో."

"నువ్వు సావవురా. సూదికీ సావుకూ సంబంధం లేదు."

"పెదనాయనకు?"

"పెదనాయనకు కిడ్నీలు పోయినాయి. సూది వల్ల పోలేదు. నాకు తెల్లేదు, తెలిసినట్టు సెప్పినా."

"కండ్లు సూపించొద్దంటివే, అదీ తెల్లేదా?"

అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా మాట నిజమేనా అని వాడు అడగడం ఈ నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

"తెల్లేదు."

"సన్నబడితే మంచిదంటివి?"

"అదీ తెల్లేదురా."

మరదలు గడపలో నిలబడి మమ్మల్నిద్దర్నీ చూస్తోంది. వాడు మగ్గం మీది గుడ్డను అరచేత్తో నిమిరాడు. "మరి ఇప్పుడు సెప్తాండావే, సూది ఏసుకుంటే ఎడమకన్ను ఉంటాదని, అది తెలిసే సెప్తాండావా?"

ఉంటుందిరా, నా మీద ఒట్టు అనడానికి నాలుక చివరిదాకా వచ్చింది. నా జీవితమంతా అలాంటి ఒట్లే.

"తెల్దు" అన్నాను. "ఉంటాదో ఉండదో నాకు తెల్దు. డాక్టరమ్మ గూడా సెప్పలేనంటాది. ఏసుకోకుంటే మాత్రం పోతాదని ఇద్దరు డాక్టర్లూ సెప్పినారు. నీ కన్ను తీసినదాన్ని నేను. నా మాట ఇనొద్దు, వాళ్ళ మాట ఇను." గుంట పక్కన చతికిలబడి పిచ్చిదానిలా ఏడ్చాను. వాడు చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు కూడా వాడి ముందు నేను అలా ఏడవలేదు.

వాడు గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. తర్వాత మరదలితో, "బుడ్డి తీసుకురాపో" అన్నాడు. చొక్కా పైకెత్తాడు. వాడి కడుపు మీద పట్టుకోవడానికి కండ కూడా లేదు. డాక్టరమ్మ దగ్గర నర్సు చూపించినట్టే రెండు వేళ్ళతో చర్మం పట్టి మరదలే పొడిచింది. నేను చెయ్యి చాపితే నన్ను పట్టుకోనియ్యలేదు.

అది జరిగి ఎనిమిది నెలలు. వాడు యాభై కిలోలకొచ్చాడు. మగ్గం అమ్మలేదు గానీ చీరలు నేయడం లేదు, అంచుల్లేని తువ్వాళ్ళు నేస్తున్నాడు. నూలిచ్చే షావుకారు ఇంటికి పోయి నేను క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన కాఫీ ఇచ్చి పంపించాడు. కూరగాయల బండి దగ్గర ఎవరైనా షుగర్ మాట ఎత్తితే, కన్నూ కిడ్నీ కాళ్ళూ చూపించుకోండి, మీది ఏ రకమో డాక్టరునే అడగండి అని అంటాను. అంతకంటే ఒక్కమాట ఎక్కువ చెప్పను.

కిందటి నెల కర్నూలులో మళ్ళీ చూపించాం. ఎడమకన్ను ఇప్పటికి నిలకడగా ఉంది, ఇకముందు ఎలా ఉంటుందో చూస్తూ పోవాలన్నాడు డాక్టరు. మరదలు రాలేదు, నేనూ వాడే. తిరుగు బస్సులో వాడు ఎడమవైపు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను ఇవతల, వాడి కుడిపక్కన. కోడుమూరు దాటేలోపు వాడు రెండు మూడుసార్లు మెడంతా తిప్పి నా వైపు చూశాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు ఈ పక్కకు రా. ఆ పక్క కూసుంటే నువ్వుండేదే తెలీదు."

నేను కిటికీ పక్కకు జరిగాను. వాడు నా చోట కూర్చుని, నన్నొకసారి చూసి, నిమ్మళంగా వెనక్కి వాలాడు. నేను ఏడుస్తుంటే ఈ పక్కనుంచి వాడికి కనిపిస్తుంది కదా, అందుకని ఎమ్మిగనూరు వచ్చేదాకా తల కిటికీ వైపే పెట్టుకున్నాను.